వాన వెలిసిన మర్నాడే పాపకి తుమ్ములు ఎక్కువవుతున్నాయి, చెట్ల పుప్పొడికీ వాతావరణానికీ సంబంధం ఉందా?

మురళీనగర్ అమ్మ:

అందరికీ నమస్కారం అండీ. మాది వైజాగ్, మురళీనగర్, మూడో అంతస్తు. మా పాపకి తొమ్మిదేళ్ళు. దసరా సెలవులయ్యి స్కూలు తెరిచిన దగ్గర్నుంచి పొద్దున్నే తుమ్ములు మొదలు, ముక్కు కారడం, కళ్ళు నులుముకోవడం. జ్వరం లేదు, గొంతు నొప్పి లేదు. డాక్టరు గారు చూసి ఇది జలుబు కాదమ్మా, గాల్లో ఏదో పడట్లేదు అని మందు రాశారు, వేసిన రోజు తగ్గుతోంది. కాబట్టి నేను అడిగేది మందు గురించి కాదు.

నేను గమనించింది చెప్తాను. అల్పపీడనం వచ్చి రెండు మూడు రోజులు ముసురు పట్టినప్పుడు, చల్లదనానికి ఇంకా ఎక్కువవుతుందని స్వెట్టర్ వేసి, చెవులకి మఫ్లర్ చుట్టి నేను టెన్షన్ పడుతూ కూర్చుంటే, పాపకి ఒక్క తుమ్ము లేదు. హాయిగా ఆడుకుంది. వాన వెలిసి మర్నాడు ఫెళ్ళున ఎండ కాసి గాలి తిరిగిందా, ఏడున్నరకి వ్యాన్ కోసం గేటు దగ్గర నిలబడిన పది నిమిషాల్లోనే ఇరవై తుమ్ములు. ఒకసారైతే ఏదో అనుకుందును, ఇప్పటికి మూడుసార్లు ఇలాగే జరిగింది. ఇంకొకటి, మొన్న ఆదివారం సాయంత్రం ఆర్కే బీచ్‌లో రెండు గంటలు ఇసకలో ఆడింది, గాలి జోరుగానే ఉంది, అయినా ఏమీ కాలేదు.

ఇదంతా ఇప్పుడెందుకు అడుగుతున్నానంటే, మా గేటు పక్కన రెండు ఏడాకుల పాల చెట్లున్నాయి, ఆల్‌స్టోనియా అంటారు కదా, హుద్‌హుద్ తుఫాను తర్వాత నాటినవే. ఇప్పుడు పూత మీదున్నాయి, రాత్రయితే ఆ వాసనకి తల తిరిగిపోతుంది. పిల్లలందరికీ అలెర్జీ వీటివల్లే, కొట్టించేద్దాం అని మా అపార్ట్‌మెంట్ వాళ్ళు కాగితం రాశారు. ఆదివారంలోగా నేనూ సంతకం పెట్టాలి. పాప కోసం పెట్టేద్దామనిపిస్తుంది. కానీ చెట్టు అక్కడే ఉంది కదా, వానరోజు లేని తుమ్ము ఎండరోజు ఎందుకొస్తుంది అన్నది నాకు అర్థం కావట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.


గాజువాక షిఫ్టు:

అక్కా, నాదీ ఇదే బాధ, ఆరేడేళ్ళుగా. నైట్ షిఫ్టు దిగి పొద్దున్న ఆరింటికి బండి మీద ఇంటికొస్తాను. చలికాలంలో కొన్ని రోజులు టీ కొట్టు పొయ్యి పొగ పైకి లేవకుండా రోడ్డు మీద చాపలా పరుచుకుని ఉంటుంది, ఆ రోజు ఇంటికి చేరేసరికి కళ్ళు ఎర్రగా మండిపోతాయి, తుమ్ములు ఆగవు. అదే రోడ్డు మీద, అదే బండి మీద మధ్యాహ్నం షిఫ్టుకి ఒంటిగంటకి బయల్దేరితే ఏమీ ఉండదు. సముద్రం గాలి తిరిగాక ఊపిరి ఆడుతుంది నాకు. ఎందుకో తెలీదు గానీ, పొగ నేలబారుగా కనిపిస్తే మాస్క్ పెట్టుకోవడం అలవాటు చేసుకున్నాను. అందుకని మీ పాప బీచ్‌లో బాగుందంటే నమ్ముతాను.


పాత బోటనీ మాస్టారు:

అమ్మా, మీరు చాలా బాగా గమనించారు. ముప్ఫయ్యేళ్ళు డిగ్రీ పిల్లలకి బోటనీ చెప్పాను, పుప్పొడి నాకిష్టమైన పాఠం, కాబట్టి కొంచెం ఎక్కువే రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక తేడా తెలియాలి. కొన్ని చెట్లు పుప్పొడిని తేనెటీగలకీ సీతాకోకచిలుకలకీ అప్పగిస్తాయి. రంగు, వాసన, తేనె అన్నీ ఆ పురుగుల్ని పిలవడానికే. ఆ పుప్పొడి కాస్త జిగురుగా, బరువుగా ఉంటుంది, గాల్లోకి లేచేది తక్కువ. మామిడి, వేప, మందారం ఈ జాతి. ఇంకొన్ని చెట్లు గాలినే నమ్ముకుంటాయి. సరుగుడు అలాంటిదే. వాటి పువ్వుకి రంగుండదు, వాసనుండదు, అసలది పువ్వని కూడా మనం గుర్తుపట్టం. కానీ గాలి ఎటు తీసుకెళ్తుందో తెలియదు కాబట్టి లక్షల్లో పొడి వదులుతాయి, అదీ తేలిగ్గా, పొడిపొడిగా. మన ముక్కులోకి ఎక్కువగా వచ్చేది ఇదే. అంటే కంటికి బాగా కనపడి, ముక్కుకి బాగా తగిలే పువ్వు మీదే మనకి అనుమానం వస్తుంది, పని కానిచ్చేది మాత్రం ఎవరూ తలెత్తి చూడని పువ్వు. మీ ఏడాకుల పాల పువ్వు ఒకటి కోసి చూడండి, సన్న గొట్టంలా ఉంటుంది, కేసరాలు ఆ గొట్టం లోపల దాక్కుని ఉంటాయి. అది రాత్రి తిరిగే పురుగుల కోసం తయారైన పువ్వు. వాసన సంగతి వేరు, అది తలనొప్పి తెప్పిస్తుంది, ఆయాసం ఉన్నవాళ్ళని ఇబ్బంది పెడుతుంది, అది నేను కాదనను.

ఇక వాన, ఎండ. పుప్పొడి ఉండే సంచులు కేసరం చివర ఉంటాయి. అవి తెరుచుకోవాలంటే ఎండాలి. మినప కాయ ఎండితే చిట్లి గింజలు రాలుతాయి చూడండి, దాదాపు అలాగే. గాల్లో తేమ బాగా ఉన్నంతసేపూ ఆ సంచి మూసుకునే ఉంటుంది. ముసురు రోజుల్లో కొత్త పుప్పొడి బయటికి రాదు, అప్పటికే గాల్లో ఉన్నదాన్ని వాన చినుకులు తమతోపాటు నేలకి దింపేస్తాయి. మీ పాప ముసురులో హాయిగా ఉండడానికి కారణం ఇదే. కానీ చెట్టు తన పని ఆపలేదు కదమ్మా, లోపల పువ్వు ముదురుతూనే ఉంటుంది. రెండు మూడు రోజులు మూసుకుపోయిన సంచులన్నీ, వాన వెలిసి తేమ తగ్గి ఎండ తగలగానే ఒక్కసారి తెరుచుకుంటాయి, పైగా ఆ రోజు గాలి కూడా ఉంటే మూడు రోజులది ఒక్క పూటలో వచ్చి పడుతుంది. మీరు చూసిన ఇరవై తుమ్ములు అవే.

అక్టోబరు, నవంబరు నెలల్లో చెట్లతోపాటు గడ్డి జాతులు కూడా మనవైపు పూత మీద ఉంటాయని మరిచిపోకండి. వర్షాకాలమంతా ఖాళీ స్థలాల్లో నడుమెత్తు పెరిగిన గడ్డి వెన్ను వేసేది ఇప్పుడే. గడ్డి పుప్పొడి కూడా గాలి వాటునే వస్తుంది. వయ్యారిభామ కలుపు మొక్క ఉండనే ఉంది. గేటు దగ్గర నుంచి చూస్తే ఎదురుగా ఖాళీ ప్లాటు ఏమైనా ఉందా?

ఎంత దూరం వస్తుందన్నది లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే మీ సంతకం దీని మీదే ఆధారపడి ఉంది. చెట్ల పుప్పొడి రేణువు సాధారణంగా 20 నుంచి 40 మైక్రాన్లు ఉంటుంది, మన వెంట్రుక మందంలో సగం అనుకోండి. తేలికపాటిది కదలని గాల్లో సెకనుకి ఒకటి రెండు సెంటీమీటర్లు మాత్రమే కిందికి జారుతుంది. మూడంతస్తుల ఎత్తు, అంటే పది మీటర్ల పైనుంచి బయల్దేరితే నేల చేరడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. గంటకి 10 కిలోమీటర్ల గాలి ఉందనుకుంటే, అది మనకి మామూలు గాలే, ఆలోపు ఒకటిన్నర నుంచి రెండున్నర కిలోమీటర్లు వెళ్ళిపోతుంది. ఎండకి నేల వేడెక్కి గాలి పైకి లేస్తుంటే ఇంకా చాలా దూరం. కాబట్టి మీ పాప ముక్కులోకి వచ్చే రేణువు మీ గేటు దగ్గరి చెట్టుదే అయి ఉండక్కర్లేదు.

పైన గాజువాక తమ్ముడు చెప్పిన పొగ సంగతి నాకెంతో నచ్చింది. మబ్బు లేని చలికాలపు రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది, దాన్ని ఆనుకుని ఉన్న గాలీ చల్లబడుతుంది, పైన మాత్రం వెచ్చటి పొర ఉండిపోతుంది. గిన్నె మీద మూత పెట్టినట్టే. కింది గాలి పైకి పోలేదు, పొగైనా దుమ్మైనా పుప్పొడైనా మనిషి ఎత్తులోనే తచ్చాడుతుంది. మన ఊరికి ఇది మరీ ఎక్కువ. ఇటు సింహాచలం కొండ, అటు యారాడ కొండ, మధ్యలో ఊరు పళ్ళెంలా ఉంటుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక ఆ మూత తొలుగుతుంది, పది పదకొండు గంటలకి సముద్రం గాలి మొదలవుతుంది. సముద్రం మీద చెట్లు లేవు, అందుకని ఆ గాలి శుభ్రంగా ఉంటుంది, బీచ్‌లో పాప ఆడుకోగలిగిందంటే అందుకే. రాత్రి భూమి మీంచి సముద్రం వైపు గాలి వీచినప్పుడు పోయిన పుప్పొడిలో కొంత మర్నాడు సముద్రం గాలితో వెనక్కి రావడం కూడా ఉంటుంది గానీ, చాలావరకు పల్చబడిపోతుంది.

ఇదంతా పుస్తకం చదివి చెప్తున్నది కాదు. చదువుకునే రోజుల్లో హాస్టల్ మేడ మీద గాజు పలకలకి వాజిలీన్ రాసి రోజుకొకటి పెట్టేవాళ్ళం, మర్నాడు రంగు వేసి మైక్రోస్కోపు కింద లెక్కపెట్టేవాళ్ళం. వానరోజు పలక మీద మసి, ఇసక, అక్కడక్కడా బూజు. వెలిసిన మర్నాటి పలక మీద రేణువులు ఒకదాన్నొకటి ఆనుకుని ఉండేవి, లెక్కపెట్టి లెక్కపెట్టి కళ్ళు నొప్పులు పుట్టేవి. 1870ల్లోనే ఇంగ్లండులో మాంచెస్టర్‌లో బ్లాక్లీ అనే డాక్టరు, ఆయనకీ ఈ తుమ్ముల జబ్బే ఉండేది, జిగురు పలకల్ని గాలిపటానికి కట్టి పైకి పంపి, అంత ఎత్తులో కూడా పుప్పొడి ఉందని చూపించాడు. తర్వాత 1952లో హర్స్ట్ అనే ఆయన గాలిని పీల్చే యంత్రమే చేశాడు, నిమిషానికి 10 లీటర్ల గాలి, ఇంచుమించు మనిషి పీల్చేంత. లోపల జిగురు పట్టీ గంటకి 2 మిల్లీమీటర్లు కదులుతుంది, కాబట్టి ఏ గంటలో ఎంత పుప్పొడి ఉందో తెలుస్తుంది. ఇవాళ్టికీ చాలా దేశాల్లో పుప్పొడి సూచన చెప్పేది ఆ పద్ధతిలోనే.


సీతమ్మధార 77:

మాస్టారూ, మీరు చెప్పింది శాస్త్రం, కాదనను. కానీ మా నాన్నగారికి డెబ్భై ఏళ్ళు, ఆస్తమా. ప్రతి నవంబరులో ఆ పూత పూసిన మూడు వారాలు ఆయన రాత్రిళ్ళు కూర్చునే నిద్రపోతారు. దిండు గోడకి ఆనించి, పక్కన ఇన్‌హేలర్ పెట్టుకుని. వాసనో పుప్పొడో ఆయనకి అనవసరం, ఊపిరి ఆడదు. మా వీధిలో వరసగా పదకొండు చెట్లున్నాయి, నేనే లెక్కపెట్టాను. ఒకే చెట్టు ఊరంతా ఎందుకు వేశారు? మురళీనగర్ అమ్మగారూ, నేనైతే సంతకం పెడతాను.


పాత బోటనీ మాస్టారు:

బాబూ, మీ నాన్నగారి విషయంలో మీ మాట సబబే. ఘాటు వాసన తగిలితే ఆస్తమా ఉన్నవాళ్ళకి ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి, అది అలెర్జీ కాకపోయినా బాధ బాధే. పైగా నేను చెప్పిన ఆ మూత ఉన్న రాత్రే, గాలి ఆడని రాత్రే, ఆ వాసన కూడా వీధిలో గడ్డకట్టినట్టు ఉండిపోతుంది. ఆయన పడకగదికి ఆనుకుని ఉన్న చెట్టు తీసి వేరేది పెట్టమని అడగడంలో తప్పేమీ లేదు.

ఒకే చెట్టు ఊరంతా ఎందుకు అన్నారు చూడండి, ఆ ప్రశ్న నన్నూ బాధపెడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చి వెళ్ళిన మర్నాడు నేను కైలాసగిరి వైపు చూసి నిలబడిపోయాను, పచ్చటి కొండ ఒక్క పూటలో కాలిపోయినట్టు గోధుమరంగులోకి మారిపోయింది. నీడ కావాలి, త్వరగా కావాలి, అందరిదీ అదే ఆత్రం. త్వరగా పెరిగేవి, పశువులు ముట్టనివి దొరికాయి, వేసేశారు. జపాన్‌లో కూడా ఇలాగే జరిగింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత బోడి కొండలన్నిటి మీదా సుగి అనే దేవదారు లాంటి చెట్టు నాటారు, కలపకి పనికొస్తుందని. అది గాలికి పొడి వదిలే చెట్టు. ముప్ఫై నలభై ఏళ్ళకి అవన్నీ ముదిరి పూతకి వచ్చేసరికి దేశంలో కోట్లమందికి ప్రతి వసంతంలో తుమ్ములే. అక్కడ ముందటేడు వేసవి ఎండలు బాగా కాస్తే మరుసటి ఏడు పుప్పొడి ఎక్కువని ముందే చెప్పగలుగుతారు, ఎందుకంటే ఆ వేసవిలోనే మొగ్గ కడుతుంది. 2023లో అక్కడి ప్రభుత్వం పదేళ్ళలో ఆ తోటల్లో ఐదో వంతు తగ్గిస్తామని ప్రకటించింది. మన దగ్గర గుజరాత్‌లో అదే ఏడు కోనోకార్పస్ అనే విదేశీ చెట్టు నాటడం ఆపించారు. కొట్టడం కన్నా నాటేటప్పుడు ఆలోచించడం తేలిక. కానుగ, వేప, పొగడ, మారేడు కలిపి వేసి ఉంటే ఏ ఒక్కటీ ఇంత బరువయ్యేది కాదు.


ఛాతీ వైద్యం:

నేను ఊపిరితిత్తుల వైద్యంలో ఉన్నాను, కొన్ని జాగ్రత్తలు చెప్పి వెళ్తాను.

మాస్టారు గారు వాన పుప్పొడిని కడిగేస్తుందన్నారు, అది ముసురు వానకి సరిపోతుంది. ఉరుములతో వచ్చే వాన వేరు. ఏప్రిల్, మే నెలల్లో మనకి సాయంత్రం పూట మబ్బు కమ్మి, ముందు దుమ్ముతో ఈదురుగాలి కొట్టి, ఆ తర్వాత వాన పడుతుంది చూడండి, ఆ వాన కన్నా ముందు వచ్చే చల్లటి గాలి ఎంతో పైనుంచి కిందికి విరుచుకుపడే గాలి. అది పైనున్నదంతా నేలకి తెస్తుంది. మబ్బులోని తేమకి పుప్పొడి రేణువు నీళ్ళు పీల్చి ఉబ్బి పగులుతుంది. మామూలు రేణువు పెద్దది, ముక్కులోనే ఆగుతుంది, అందుకే తుమ్ములు. పగిలిన ముక్కలు 5 మైక్రాన్ల కన్నా చిన్నవి, నేరుగా ఊపిరితిత్తుల్లోకి దిగుతాయి, అప్పుడు తుమ్ము కాదు, ఆయాసం వస్తుంది. 2016 నవంబరు 21 సాయంత్రం ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్‌లో ఇలాంటి గాలివాన తర్వాత వేలమంది ఊపిరాడక ఆసుపత్రులకి పరిగెత్తారు, పదిమంది చనిపోయారు. అక్కడ కారణం రై గడ్డి పుప్పొడి. అలా ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో చాలామందికి అంతకుముందు ఆస్తమా లేదు, ఉన్నది మీ పాపకున్నట్టు తుమ్ములే. భయపెట్టడానికి చెప్పట్లేదు అమ్మా, గాలిదుమారం లేచిన వెంటనే చల్లగా ఉందని పిల్లల్ని మేడ మీదికి పంపకండి, కిటికీలు మూయండి, వాన బాగా పట్టి అరగంట గడిచాక తెరవండి. తుమ్ములున్న పిల్లలకి రాత్రి దగ్గు, పిల్లికూతలు, ఆడుతూ మధ్యలో ఆగిపోవడం లాంటివి కనిపిస్తే ఆ రోజే డాక్టరుకి చూపించండి.

మిగతావి చిన్నవి. వెలిసిన మర్నాడు బట్టలు బాల్కనీలో ఆరేయకండి, తడి బట్టకి పుప్పొడి బాగా అంటుకుంటుంది. స్కూలు నుంచి రాగానే ముఖం, చేతులు కడిగించి గౌను మార్చండి. పొద్దున్న వ్యాన్ దగ్గర ఎన్95 మాస్క్ పనిచేస్తుంది, ఈ రేణువులకి అది చాలు. డాక్టరు ముక్కులో కొట్టుకునే స్ప్రే రాస్తే ఒక్కరోజుకి తగ్గలేదని మానేయకండి, దాని పని తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది. ఏది పడదో కచ్చితంగా తెలియాలంటే చేతి మీద చేసే చర్మ పరీక్ష ఉంది. దానికి ముందు కొన్ని రోజులు అలెర్జీ మాత్రలు ఆపాలి, ఎన్ని రోజులో వాళ్ళే చెప్తారు. ఇంట్లో దుప్పట్లలో ఉండే దుమ్ము పురుగులు, గోడ చెమ్మకి పట్టే బూజు కూడా ఇలాంటి తుమ్ములే తెప్పిస్తాయి, కాబట్టి చెట్టు మీద తీర్పు చెప్పేముందు ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, పొద్దున్న మబ్బా ఎండా, నేల తడిగా ఉందా, గాలి ఎటునుంచి, తుమ్ములు ఎన్ని. మూడు వారాలు రాస్తే పరీక్ష చేసే డాక్టరుకి అది సగం పని.


మురళీనగర్ అమ్మ:

మీ అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. మాస్టారూ, మీరడిగిన ఖాళీ ప్లాటు ఉంది! మా గేటుకి సరిగ్గా ఎదురుగా, గడ్డి నా భుజం దాకా ఉంది, పైన బూడిదరంగు వెన్నులు. ఇన్నాళ్ళూ ఆ గడ్డిని నేను చూసినట్టే లేదు.

ఇంకో సందేహం. మా అమ్మగారిది భీమిలి దగ్గర పల్లెటూరు. క్రితం ఏడు ఫిబ్రవరి నెలాఖరులో వెళ్తే అక్కడ పాపకి మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా తుమ్ములు. సముద్రం గాలి శుభ్రం అన్నారు కదా, అక్కడ సముద్రం ఇంకా దగ్గర, ఇంటి నుంచి నడిచి వెళ్ళిపోవచ్చు. మా అమ్మ మామిడి పూత వల్ల అంటుంది. ఏప్రిల్‌లో వెళ్ళినప్పుడు గాల్లో బూరుగు దూది తేలుతుంటే అదే పుప్పొడి అనుకుని నేను పాపని లోపలికి లాక్కొచ్చాను కూడా.


పాత బోటనీ మాస్టారు:

బూరుగు దూదికి భయపడకండి, అది కాయ పగిలి గింజతో పాటు ఎగిరే నూగు, పుప్పొడి కాదు. కంటికి కనిపించే ఏదీ సాధారణంగా ఈ తుమ్ములకి కారణం కాదు. మామిడి పూతకి వాలేవి ఈగలు, దాని పొడి చెట్టు కింద పడుకుంటే తప్ప ముక్కు దాకా రావడం తక్కువ.

మీ అమ్మగారి ఇంటికీ సముద్రానికీ మధ్య ఏముందో చెప్పండి, నేను ఊహించగలను, సరుగుడు తోట. అవునా? గాలి శుభ్రమా కాదా అన్నది అది బయల్దేరిన చోటుతో తేలిపోదమ్మా, మన దగ్గరికి వచ్చేలోపు దేని మీదుగా వచ్చిందన్నది చూడాలి. ఆర్కే బీచ్‌లో మీరు నీళ్ళ అంచున ఉన్నారు, గాలి నేరుగా వచ్చింది. భీమిలిలో అదే గాలి సరుగుడు తోట గుండా దూరి, దాని పుప్పొడిని మోసుకుని మీ పెరట్లోకి వస్తుంది, ఆ తోట పూతకొచ్చేది కూడా ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా, మళ్ళీ సెప్టెంబరు, అక్టోబరుల్లో. సముద్రం గాలి మొదలయ్యేది పొద్దెక్కాకే కాబట్టి అక్కడ పాపకి పొద్దున్న బాగుండి మధ్యాహ్నం తుమ్ములొచ్చాయి. మురళీనగర్‌లో దానికి సరిగ్గా తిరగేసి. ఉప్పుగాలికీ ఇసకకీ అడ్డుగా ఊళ్ళని కాపాడే తోటలవి, వాటిని తప్పుపట్టలేం, పాపని ఆ పూట వెనక గదిలో ఉంచితే చాలు.

ఈసారి వెళ్ళినప్పుడు ఒక పని చేయండి. ఎండ బాగా ఉన్న రోజు తొమ్మిది, పది మధ్య సరుగుడు కొమ్మ చివర చూడండి, పచ్చటి సూదుల కొసలకి తుప్పురంగులో సన్నటి కంకుల్లాంటివి ఉంటాయి, అవే మగపూలు. కింద నల్లటి కాగితం పట్టి కొమ్మని వేలితో ఒక్కసారి కొట్టండి. పసుపు జల్లినట్టు పడుతుంది. అదే కొమ్మని తెల్లారగట్ల మంచు ఆరకముందు కొట్టి చూడండి, ఏమీ రాలదు. నేను చెప్పిందంతా ఆ రెండు కాగితాల్లో కనిపిస్తుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని చేయండి, పాపని దూరంగా ఉంచండి.


గాజువాక షిఫ్టు:

మాస్టారూ, వేసవిలో పడమటి గాలి తోలే రోజుల సంగతి కూడా చెప్పండి. ఆ రోజు సముద్రం గాలి అసలు రాదు, ఒళ్ళంతా మంటలు, నాకు మధ్యాహ్నం కూడా ముక్కు బిగుసుకుంటుంది.


పాత బోటనీ మాస్టారు:

మీరే చెప్పేశారు తమ్ముడూ. పడమటి గాలి గట్టిగా ఉంటే సముద్రం గాలిని ఒడ్డు దాటనివ్వదు. ఆ గాలి వేడిది, పొడిది, లోపలి నుంచి తుమ్మ, సర్కారు తుమ్మ, తాడి చెట్ల మీదుగా వస్తుంది. తేమ లేదు కాబట్టి సంచులన్నీ తెరుచుకునే ఉంటాయి. ఆ రోజు మీకు మధ్యాహ్నం కూడా మినహాయింపు ఉండదు, మాస్క్ పెట్టుకోండి.


మురళీనగర్ అమ్మ:

నెల తర్వాత రాస్తున్నాను, ఆలస్యానికి ఏమీ అనుకోకండి. నోటుపుస్తకం పెట్టాను. పాపే రాస్తానంది, తుమ్ముకొక గీత, మబ్బుకి బొమ్మ, ఎండకి బొమ్మ. మొత్తం ఇరవై ఆరు రోజులు రాశాం. అన్నిటికన్నా ఎక్కువ గీతలున్నవి నాలుగు రోజులు, అందులో మూడు వాన వెలిసిన మర్నాడు, నాలుగోది పొగ నేలబారుగా ఉన్న రోజు. మేడ మీదికెళ్ళి ఎన్ఏడీ జంక్షన్ వైపు చూస్తే ఆ పొగ నాకూ కనిపించింది తమ్ముడూ. ముసురు రోజుల్లో గీతలు లేవు, ఒక రోజు రెండున్నాయి, ఆ ముందురోజే పాత దుప్పట్లు దులిపాను.

ఎదురు ప్లాటు వాళ్ళ ఫోన్ నంబరు సంపాదించి, బతిమాలి, గడ్డి కోయించాను. కోసిన రోజు పాపని మా ఆడపడుచు ఇంటికి పంపించేశాను, ఆ దుమ్ము తగలకుండా. ఆ తర్వాత వాన పడి వెలిసిన రోజు ఒకటి వచ్చింది, తుమ్ములు ఆరే. ఒక్క రోజుని బట్టి ఏమీ చెప్పలేనని నాకూ తెలుసు. చర్మ పరీక్షకి జనవరిలో రమ్మన్నారు, పుస్తకం చూసి డాక్టరమ్మ అది కూడా తెమ్మన్నారు.

సంతకం పెట్టలేదు. మీటింగ్‌లో మాస్టారు గారి లెక్క, ఆ పది నిమిషాలూ రెండు కిలోమీటర్లదీ, చదివి వినిపించాను. చాలాసేపు వాదనలయ్యాయి. కింద ఇంట్లో తాతగారికి ఆయాసం, ఆయన కిటికీ పక్కది తీయించడానికి అనుమతి అడుగుదామని, దాని బదులు పొగడ మొక్క వేద్దామని, రెండోది ఉంచుదామని అనుకున్నారు. సీతమ్మధార బాబూ, మీ నాన్నగారు గోడకి ఆనుకుని నిద్రపోతారని రాశారు కదా, ఆ మాట కూడా చదివాను, అది విన్నాకే తాతగారి సంగతి అందరికీ గుర్తొచ్చింది. ఆయనకి ఇప్పుడెలా ఉంది?

ఫిబ్రవరిలో భీమిలి వెళ్తాం. నల్లకాగితం కొనిపెట్టాను.


సీతమ్మధార 77:

పూత రాలిపోయిందండీ, నాన్నగారు పడుకునే నిద్రపోతున్నారు. రాత్రి కిటికీ మూసి, పొద్దెక్కాక తెరుస్తున్నాం. మా వీధి పదకొండు చెట్ల మధ్య ఏం వేయొచ్చో మాస్టారు గారిని విడిగా అడుగుతాను. మీరు కాగితాల ఫొటోలు ఇక్కడ పెట్టండి, చూస్తాం.